వ్యాపారానికి కూడా చదువు కావాలా?



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఉద్యోగం, పెళ్లి, అప్పు అనే మూడు విషయాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఈ మధ్య వాటితో నాలుగవది ఒకటి చేరింది. ఒక తండ్రి ఇలా వ్రాశారు: "అయ్యగారూ, మా అబ్బాయి డిగ్రీ పూర్తిచేసి రెండేళ్లుగా ఇంటివద్దనే ఉన్నాడు. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో వ్యాపారం గురించి ఏదో కోర్సు చదువుతానంటున్నాడు. వ్యాపారానికి చదువేమిటండీ? బస్టాండు దగ్గర సోడాలు అమ్మేవాడికి ఎవరు నేర్పారు? అది పుట్టుకతో రావాలి గాని పుస్తకాలతో వస్తుందా? ఆ డబ్బేదో చేతిలో పెడితే దుకాణమే పెట్టుకుంటాడు గదా, అర ఎకరం తాకట్టు పెడదామనుకుంటున్నాను." మరొక తల్లి తన కుమార్తె గురించి వ్రాస్తూ, కుట్టుపని వచ్చిన పిల్లకు మళ్లీ శిక్షణ దేనికని అడిగారు.

పాస్టరుగారికి వ్యాపారం గురించి ఏమి తెలుసునని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నిజమే, మేము చదివిన థియాలజీ డిప్లొమాలో ఈ పాఠం లేదు. అయితే సంఘకాపరి తిరిగే ఇండ్లలో సగం ఇండ్ల కన్నీళ్లు అప్పుల వల్ల వచ్చినవే. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవలెనన్న ఉపమానం మీ అందరికీ తెలిసినదే. ఆ కూర్చోవడం ఎక్కడ, ఆ లెక్క ఎలా చూడాలి అన్నదే ఈ నెల మన మాట.

ముందుగా కమ్యూనిటీ కాలేజీ అంటే ఏమిటో చూద్దాము. ఈ పద్ధతి అమెరికాలో పుట్టినది. 1901లో ఇల్లినాయి రాష్ట్రంలోని జోలియట్ అనే పట్టణంలో, ఊరు విడిచి యూనివర్సిటీకి పోలేని పిల్లల కొరకు హైస్కూలులోనే రెండేళ్ల కాలేజీ చదువు మొదలుపెట్టారు. దానిని జూనియర్ కాలేజీ అన్నారు. (మన ఇంటర్మీడియట్ జూనియర్ కాలేజీకీ దానికీ సంబంధం లేదు, పొరబడకండి.) రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, 1947లో, అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం ఇటువంటి కాలేజీలు దేశమంతటా ఉండాలని సిఫారసు చేసింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు బాగా వాడుకలోకి వచ్చింది అప్పటినుండే. ఇప్పుడు ఆ దేశంలో దాదాపు వెయ్యి ఉన్నాయి. ర్యాంకులు అడగరు. యూనివర్సిటీతో పోల్చితే ఫీజు చాలా తక్కువ. పగలు పని చేసుకునేవారికి సాయంకాలపు తరగతులు ఉంటాయి. ఒకే బల్లమీద పద్దెనిమిదేళ్ల కుర్రవాడూ, పిల్లల్ని బడికి పంపి వచ్చిన నలభై ఏళ్ల తల్లీ, ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగం పోయిన పెద్దమనిషీ కూర్చుంటారు.

ఈ కాలేజీలలో వ్యాపారం స్థాపించడం ఎలా అన్నది ఒక చదువుగా చెబుతారు. రెండేళ్లు చదివితే డిగ్రీ వంటిది, కొన్ని పాఠాలు మాత్రమే చదివితే సర్టిఫికేటు ఇస్తారు. జమాఖర్చులు వ్రాయడం, ధర కట్టడం, కొనేవాడెవడో కనుగొనడం, అప్పు ఎప్పుడు తీసుకోవాలి ఎప్పుడు తీసుకోకూడదు, పన్నులు, లైసెన్సులు, ఇవీ పాఠాలు. చివరకు ప్రతి విద్యార్థీ తాను పెట్టదలచిన వ్యాపారం గురించి ఒక ప్రణాళిక వ్రాసి అందరి యెదుట చెప్పాలి. పాఠం చెప్పేవారిలో చాలామంది స్వయంగా షాపో, వర్క్‌షాపో నడుపుతున్నవారే. చిన్న వ్యాపారులకు ఉచితంగా సలహా చెప్పే కేంద్రాలు కూడా అనేక చోట్ల ఈ కాలేజీలలోనే ఉన్నాయి. ఈ కాలేజీలలో ఈ చదువును ప్రోత్సహించడానికి 2002లో ఒక జాతీయ సంఘం కూడా ఏర్పడింది.

మన దేశానికి ఈ ఆలోచన 1995లో పాండిచ్చేరి యూనివర్సిటీ ద్వారానూ, 1996లో మద్రాసు కమ్యూనిటీ కాలేజీ ద్వారానూ వచ్చింది. ఈ రెండవదానిని ప్రారంభించినది మద్రాసు మైలాపూరు రోమన్ కతోలిక అగ్రమేత్రాసనం. బడి మధ్యలో మానేసినవారు, పేద స్త్రీలు, పనిలేని యువకులు, వీరి కొరకే అది పుట్టింది. 2013లో యూజీసీ కూడా మామూలు డిగ్రీ కాలేజీలలోనే కమ్యూనిటీ కాలేజీలు నడుపుకొనే పథకం తెచ్చింది. ఆరు నెలలకు సర్టిఫికేటు, ఏడాదికి డిప్లొమా అన్నట్లు అంచెలంచెలుగా చదువుకోవచ్చును. చరిత్ర ఇంతతో చాలు.

ఇక ఆ తండ్రి అడిగిన మొదటి ప్రశ్న. వ్యాపారం పుట్టుకతో రావాలా? ఫలానా కులంలో పుట్టినవారి చేతికే లాభం అంటుతుందని మన ఊళ్లలో తరతరాలుగా ఒక నమ్మకం. మన పిల్లలకు అది ఒక అడ్డుగోడ అయిపోయింది. "మన ఇంటా వంటా లేదు" అని తండ్రే అంటే, కుమారుడు ఏ ధైర్యంతో అడుగు వేస్తాడు?

ఈ ప్రశ్నను 1964లో మన కాకినాడలోనే పరీక్షించి చూశారని చాలామందికి తెలియదు. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం బోధించే డేవిడ్ మెక్లెలండ్ గారు, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి ఈ పని చేశారు. అప్పట్లో దానిని సియెట్ అనేవారు. ఇప్పుడు యూసఫ్‌గూడలో మరొక పేరుతో నడుస్తున్నది ఆ సంస్థే. కాకినాడ నుండి యాభై మందికి పైగా చిన్న వ్యాపారులను బ్యాచీలుగా హైదరాబాదు పిలిపించి, పది రోజులపాటు శిక్షణ ఇచ్చారు. శిక్షణ అంటే కేవలం లెక్కలు కావు. నీవు ఏమి సాధించదలచావు, ఏడాదిలో ఎంత, దానికి ఈ నెల ఏమి చేస్తావు, పని చెడితే ఎవరి మీద నెపం వేస్తావు, ఇటువంటి ప్రశ్నలు, ఆటలు, చర్చలు. తరువాత రెండేళ్లు వారిని గమనించారు. శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది కొత్త పనులు చేపట్టడమో, ఉన్న పనిని పెంచడమో చేశారు. శిక్షణ లేనివారిలో ఇది నాలుగవ వంతు దగ్గరే ఆగింది. పక్కనున్న రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూశారు గనుక కాలం మంచిదై కలిసివచ్చిందని అనడానికి వీల్లేదు. పూజా పునస్కారాలు, పాత ఆచారాలు, కులం, ఇవేవీ ఈ మార్పునకు అడ్డు రాలేదని కూడా వారు తేల్చారు. ఈ వివరాలు 1969లో ఒక పుస్తకంగా వచ్చాయి. మన దేశంలో ఆ తరువాత వచ్చిన వ్యాపార శిక్షణలు చాలావరకు ఈ కాకినాడ పని నుండి నేర్చుకున్నవే.

అయితే కాకినాడ నుండి వెళ్లినవారు అప్పటికే వ్యాపారంలో ఉన్నవారు. ఏమీ తెలియని కుర్రవాణ్ణి పది రోజుల్లో వ్యాపారిని చేయవచ్చునని దీని అర్థం కాదు. పుట్టుక మీద నెట్టివేసే మాటకు మాత్రం ఇది జవాబు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్న. పని వచ్చిన పిల్లకు శిక్షణ దేనికి?

దీనికి మన సంఘాల చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది, చెప్పుకోవడానికి కొంచెం బాధగా ఉంటుంది. నరసాపురం లేసు మీరంతా ఎరుగుదురు. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుండి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు, గోదావరి ప్రాంతపు విశ్వాసులైన స్త్రీలకు ఆ అల్లిక నేర్పారని చెబుతారు. కరువు కాలంలో పేద కుటుంబాలకు అది ఆధారమయింది. తరువాత ఇతర కులాల స్త్రీలు కూడా నేర్చుకున్నారు. విదేశాలలోని పెద్ద పెద్ద ఇండ్ల బల్లల మీద మన అమ్మల చేతి అల్లికలు పరచుకున్నాయి. నూరేళ్లు దాటిన తరువాత, 1970ల చివరిలో, జర్మనీకి చెందిన మారియా మీస్ అనే సామాజికవేత్త వచ్చి ఆ ఊళ్లలో ఉండి పరిశీలించి 1982లో పుస్తకం వ్రాశారు. ఆమెకు కనిపించినదేమి? ఇంటి చాకిరీ చేసుకుంటూ మిగిలిన సమయమంతా స్త్రీలు సూది పట్టుకొని కూర్చుంటారు. వారికి వచ్చేది నామమాత్రపు కూలి. దారం ఇచ్చేదొకరు, సరుకు పట్టుకుపోయేదొకరు, ఎగుమతి చేసేదొకరు. వారంతా పురుషులే, లాభం వారిదే. అల్లేవారిని పనివారని కూడా ఎవరూ అనలేదు, ఇంట్లో ఖాళీగా కూర్చున్నవారు కాలక్షేపానికి చేసుకునే పని అన్నారు.

ఆ స్త్రీలకు రానిదేమిటి? పని వచ్చును. నూరేళ్ల నుండి వచ్చును. తాము అల్లిన బల్లగుడ్డ ఎక్కడ, ఎంతకు అమ్ముడవుతున్నదో తెలియదు. దారం ధర ఎంతో, తమ గంటల ధర ఎంతో కలిపి వ్రాసిన కాగితం ఏ ఇంటిలోనూ లేదు. సూది పట్టడం నేర్పినవారు ఉన్నారు గాని, లెక్క పట్టడం నేర్పినవారు లేరు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ గుర్తింపు ధరగా మారి అల్లిన చేతిలో పడాలంటే, ఆ చేతికి మరొక చదువు కూడా కావాలి. అమ్మా, మీ అమ్మాయికి జాకెట్టు కుట్టడం వచ్చు. జాకెట్టుకు నూట యాభై తీసుకోవాలా, రెండు వందల యాభై తీసుకోవాలా అన్నది ఎలా నిర్ణయిస్తుందో ఒకసారి అడగండి. "పక్కింటి ఆవిడ ఎంత తీసుకుంటే అంత" అని చెప్పినట్లయితే, ఆ శిక్షణ ఆమెకు అవసరమే.

ఆ లెక్క ఎంత కష్టం? కాస్త కూడిక, భాగహారం వస్తే చాలు. ఒక టిఫిన్ బండిని తీసుకుందాము. ఇక్కడ చెప్పే అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

ప్లేటు ఇడ్లీ ముప్పై రూపాయలు. బియ్యం, మినపప్పు, చట్నీ సామాను, గ్యాసు, పేపరు ప్లేటు అన్నీ కలిపి ఒక ప్లేటుకు పద్దెనిమిది రూపాయలు అవుతున్నదనుకోండి. మిగిలేది పన్నెండు. ఇప్పుడు, ఒక్క ప్లేటు అమ్మినా అమ్మకపోయినా నెలనెలా కట్టవలసినవి కొన్ని ఉంటాయి. బండి పెట్టుకునే స్థలానికి మూడు వేలు, అప్పు వాయిదా రెండున్నర వేలు, కరెంటుకు అయిదు వందలు, మొత్తం ఆరు వేలు. ఆరు వేలను పన్నెండు చేత భాగిస్తే అయిదు వందలు. అంటే నెలకు అయిదు వందల ప్లేట్లు అమ్మితేగాని చేతినుండి పోకుండా ఉండదు. ఆదివారం ఆరాధనకు సెలవు, అప్పుడప్పుడు వాన, జ్వరం పోను నెలకు ఇరవై అయిదు రోజులు బండి తీస్తే, రోజుకు ఇరవై ప్లేట్లు. దీనినే కాలేజీలో బ్రేక్ ఈవెన్ అంటారు, లాభమూ లేదు నష్టమూ లేదు అనే గీత.

చాలామంది ఇక్కడ ఆగిపోయి, ఇరవై ప్లేట్లే కదా అని సంబరపడతారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి కలిపే ఆ తల్లి కష్టానికి ఇంకా ఒక్క పైసా వేయలేదు. మన ఇండ్లలో స్త్రీ శ్రమకు లెక్క ఉండదు, నరసాపురంలో జరిగినదీ ఇదే. ఆమెకు నెలకు తొమ్మిది వేలు కూలి వేయండి. ఆరు, తొమ్మిది కలిసి పదిహేను వేలు. పన్నెండు చేత భాగిస్తే పన్నెండు వందల యాభై ప్లేట్లు. రోజుకు యాభై. మీ సెంటరులో ప్రతిదినం యాభై మంది బయట ఇడ్లీ తింటారా? ఇప్పటికే అక్కడ బండ్లెన్ని? ఈ ప్రశ్నకు జవాబు బండి కొనకముందు వెతకాలి. తరగతిలో పంతులుగారు చేయించేది అదే. ఉదయం ఆరు నుండి తొమ్మిది వరకు ఒక వారం ఆ సెంటరులో నిలబడి, ఎంతమంది తింటున్నారో గీతలు గీసుకొని రమ్మంటారు. ఖర్చు లేని పని, అయినా మనలో చేసేవారు అరుదు.

ఇక అరువు. ఒక ప్లేటు అరువు ఇచ్చి అది రాకపోతే పోయేది మనకు మిగిలే పన్నెండు మాత్రమే అనుకుంటారు. కాదు, మన చేతినుండి పెట్టిన పద్దెనిమిది కూడా పోయింది. ఆ పద్దెనిమిదిని తిరిగి తెచ్చుకోవడానికి మరొక ప్లేటున్నర అమ్మాలి. రెండు ప్లేట్లు ఎగ్గొడితే మూడు ప్లేట్లు ఉచితంగా వండినట్లు.

ఈ అరువు విషయంలో సంఘస్థులకు ఒక మాట చెప్పక తప్పదు, కోపం తెచ్చుకోకండి. మన విశ్వాసి ఒకడు కిరాణా కొట్టు పెడితే, మొదటి వారమే మనమంతా వెళ్లి వందనాలు చెప్పి, అరువు పెట్టుకుని వస్తాము. ఊరిలో మరొకరి కొట్టులో రొక్కమిచ్చి కొంటాము. "మనవాడే గదా, ఏమనుకోడు" అంటాము. ఏమనుకుంటాడో ఆరు నెలలకు తలుపు మూసినప్పుడు తెలుస్తుంది. మేము ఎరిగిన పాస్టరేటులలో విశ్వాసుల కొట్లు మూతపడినప్పుడు బయటివారి పోటీ కారణమని చెప్పుకుంటారు. ఆ అరువు పుస్తకం తెరిచి చూస్తే కొన్నిసార్లు సంఘపు హాజరు పట్టీలా ఉంటుంది. పెద్దలు ఇది మాట్లాడాలి. వ్యాపారం నేర్పే తరగతిలో కూడా అరువు అడిగిన బంధువుకు నొప్పించకుండా కాదని చెప్పడం ఎలాగో అభ్యాసం చేయిస్తారు, ఒకరు బంధువుగా, ఒకరు కొట్టువాడుగా నటించి. చూడడానికి నాటకంలా ఉంటుంది, చాలా పనికివచ్చే నాటకం.

కొనేవాడెవడు అన్న ప్రశ్న అడగనందుకు మన రైతులు ఎంత పోగొట్టుకున్నారో ఈము పక్షులు చెబుతాయి. కొన్నేండ్ల క్రిందట మన ఆంధ్ర ప్రాంతంలోనూ, తమిళనాడులోనూ ఈము పెంపకం ఒక జ్వరంలా వ్యాపించింది. మాంసానికి గిరాకీ, నూనెకు గిరాకీ, తోలుకు గిరాకీ, పిల్లల్ని మేమే ఇస్తాము, మేమే తిరిగి కొంటాము అన్నారు. నగలు అమ్మి, పొలం తాకట్టు పెట్టి కంచెలు వేశారు. ఊరిలో ఒక్కరైనా ఈము మాంసం తిన్నారా? పట్టణంలో ఏ దుకాణంలోనైనా అమ్ముతున్నారా? ఎవరూ చూడలేదు. మొదట పెంచినవారికి వచ్చిన డబ్బు చాలావరకు తరువాత చేరినవారు పిల్లల్ని కొనగా వచ్చినదే. కొత్తగా చేరేవారు తగ్గగానే అంతా కూలింది. 2012లో తమిళనాడులోని పెరుందురై ప్రాంతంలో ఈము కంపెనీలు మూతపడినప్పుడు వేలమంది మదుపు చేసినవారు పోలీసులను ఆశ్రయించారు. దాణా పెట్టలేక పక్షులను వదిలివేసినవారున్నారు. ఇప్పుడు కూడా పేపరు ప్లేట్ల మిషను, అగరువత్తుల మిషను అని, "సరుకంతా మేమే తీసుకుంటాము" అనే ప్రకటనలు వస్తూనే ఉంటాయి. మిషను అమ్మినవాడి లాభం మిషను అమ్మకంలోనే వచ్చేసిందని గ్రహించండి. ఆ ప్రకటన పట్టుకొని తరగతికి వెళ్లిన కుర్రవానికి అక్కడ అడిగే మొదటి ప్రశ్న, "వాడు కొనకపోతే నీవు ఎవరికి అమ్ముతావు?"

అందరూ వ్యాపారులు కావాలని మేము అనడం లేదు. మేము ఎరిగిన ఒక యువకుడు ఇటువంటి శిక్షణకు వెళ్లి, సెల్ ఫోను షాపు ప్రణాళిక వ్రాసి, లెక్క చూసుకుని, ఇప్పుడే వద్దని నిర్ణయించుకున్నాడు. పట్టణంలో ఒక షాపులో జీతానికి చేరి పని నేర్చుకుంటున్నాడు. ఇంటివారు చిన్నబోయారు, కోర్సు దండుగ అన్నారు. మా దృష్టిలో ఆ శిక్షణ ఆ ఇంటికి మూడు లక్షలు మిగిల్చింది.

ఇక ఆ తండ్రి అర ఎకరం సంగతి. అయ్యా, తొందరపడకండి. చిన్న వ్యాపారాలకు పది లక్షల లోపు ఇచ్చే అప్పుకు తాకట్టు అడగకూడదని 2010లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఆదేశించింది. 2015లో వచ్చిన ముద్ర రుణాలు కూడా తాకట్టు లేనివే. అందులో మొదటి మెట్టు యాభై వేల వరకు. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో, గ్రామాలలో పెట్టే యూనిట్లకు ప్రత్యేక వర్గాలవారికి ముప్పై అయిదు శాతం వరకు సబ్సిడీ నిర్ణయించారు. ఆ ప్రత్యేక వర్గాలలో స్త్రీలు, మైనారిటీలు కూడా ఉన్నారు గనుక మన క్రైస్తవ కుటుంబాలు ఆ వరుసలోకి వస్తాయి. ఇటువంటి పథకాల నిబంధనలు మారుతూ ఉంటాయి, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి తెలుసుకోండి. ఆ పథకంలో ఒక స్థాయి దాటిన అప్పుకు వ్యాపార శిక్షణ సర్టిఫికేటు కూడా అడిగారు. అంటే మీ అబ్బాయి చదువుతానన్న చదువే అప్పుకు దారి అవుతున్నది. అయితే సర్టిఫికేటు చూపగానే మేనేజరు అప్పు ఇస్తాడని అనుకోవద్దు. ఆయన చూసేది లెక్క, పాత బాకీలు. వ్యాపారం పేరున తీసుకొని పెళ్లికీ, ఆసుపత్రికీ ఖర్చుపెట్టిన సూక్ష్మ రుణాలు మన ఊళ్లలో ఏమి చేశాయో, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసినంత వరకు ఎలా వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది.

కమ్యూనిటీ కాలేజీ మా దరిదాపుల్లో లేదు అనేవారు నిరాశపడనవసరం లేదు. గ్రామాలవారికి దానికంటె దగ్గరగా మరొకటి ఉన్నది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో, ధర్మస్థల వీరేంద్ర హెగ్గడే గారి పూనికతో, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి నిరుద్యోగ గ్రామీణ యువకుల కొరకు ఒక శిక్షణ సంస్థ పెట్టారు. రుడ్‌సెట్ అంటారు. మన వైపు అనంతపురం, వేటపాలెంలలో కూడా శాఖలు వచ్చాయి. అది చూసి కేంద్ర ప్రభుత్వం దాదాపు ప్రతి జిల్లాలోనూ బ్యాంకుల ద్వారా అటువంటివి పెట్టించింది. వాటిని ఆర్‌సెటి అంటారు. కుట్టుపని, పాడి, కోళ్లు, పుట్టగొడుగులు, సెల్ ఫోను రిపేరు, మోటారు సైకిలు మెకానిజం వంటివి పది రోజుల నుండి నెలన్నర వరకు నేర్పుతారు, దానితోపాటే మనం పైన చెప్పుకున్న లెక్కలూ నేర్పుతారు. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. అంతకంటె ముఖ్యం, శిక్షణ అయిన తరువాత రెండేళ్ల వరకు అభ్యర్థిని కనిపెట్టి ఉండాలన్నది వారి పద్ధతి. బ్యాంకులు కలిసిపోవడం వల్ల కొన్ని చోట్ల బోర్డులు మారాయి. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది గనుక, పాత పేరుతో వెతికితే దొరకకపోవచ్చు. ఏ బ్యాంకు బ్రాంచిలో అడిగినా జిల్లా కేంద్రంలో ఎక్కడ ఉన్నదో చెబుతారు.

కమ్యూనిటీ కాలేజీ అని బోర్డు పెట్టి ఫీజు గట్టిగా లాగే చోట్లూ ఉంటాయి. చేరకముందు అది ఏ యూనివర్సిటీకి, ఏ ప్రభుత్వ సంస్థకు అనుబంధమో కాగితం చూపమనండి. క్రిందటేడు చదివినవారిలో ఇద్దరి ఊరు, పేరు అడిగి వెళ్లి కలవండి. వారిలో ఒక్కరైనా ఏదైనా నడుపుతున్నారా, పాఠం చెప్పినవారు ఎప్పుడైనా స్వయంగా సరుకు అమ్మారా, తరగతి గదిలోనే సాగిందా లేక బజారుకు కూడా పంపారా, ఇవి తెలిస్తే చాలు.

ఆడపిల్లను హాస్టలులో ఉంచడానికి భయమన్న ఆ తల్లిగారికి: కుట్టుపని వంటి శిక్షణలకు స్త్రీలే ఒక బ్యాచీగా ఉండేవి తరచుగా జరుగుతాయి. రోజూ ఇంటినుండి వెళ్లివచ్చే వీలు ఉంటుందేమో ముందుగా మాట్లాడుకోండి, అక్కడి డైరెక్టరుగారిని మీరే వెళ్లి కలిసి గదులు చూసి రండి. వెళ్లేటప్పుడు ఆధార్ కార్డు, రేషను కార్డు, చదువు సర్టిఫికేటు నకళ్లు, నాలుగు ఫోటోలు తీసుకొని వెళ్లండి, అమ్మాయిని కూడా వెంటబెట్టుకొని వెళ్లండి.